రెండు తరాలు ఆడుకున్న ఏటికొప్పాక లక్కపిడతలు

నా చిన్నప్పటి ఆటవస్తువుల్లో ఇప్పటికీ ఆడుకోవడానికి పనికొచ్చేలా మిగిలినవి లక్కపిడతలు ఒక్కటే. వైకుంఠపాళీ పటం మడతల దగ్గర చిరిగి ముక్కలైంది. తాళం తిప్పితే పరిగెత్తే రేకు కారు విశాఖ ఉప్పుగాలికి తుప్పు పట్టి ఎప్పుడో పోయింది. ఈ కొయ్య గిన్నెలతో మాత్రం నేను ఆడుకున్నాను, నా తరవాత మా అమ్మాయి ఆడుకుంది. ఇంతకాలం వాడాక తెలిసిన సంగతులు కొత్తగా కొనేవారికి పనికొస్తాయని రాస్తున్నాను.

మొదటి సెట్టు 1980ల నాటిది. మార్గశిర మాసంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ కొనిపెట్టింది. తాటాకు బుట్టలో వచ్చింది. పొయ్యి, గిన్నెలు, మూతలు, బిందె, చెంబు, రోలు, రోకలి, అప్పడాల పీట, కర్ర, తిరగలి, కవ్వం, ఇలా ఒక వంటింటికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. తిరగలి పైరాయి నిజంగానే తిరుగుతుంది. మధ్య కన్నంలో చిటికెడు నూక పోసి తిప్పితే అంచుల నుంచి రాలుతుంది. ప్లాస్టిక్ వంట సెట్లలో నాకు ఎక్కడా దొరకని ఆనందం అది. వస్తువు ఆకారం ఒక్కటే కాదు, అది చేసే పని కూడా పిల్లల చేతికి అందుతుంది.

ఇవి ఇంతకాలం నిలవడానికి కారణం తయారీలోనే ఉంది. వీటిని అంకుడు కర్రతో చేస్తారు. ఆ కర్ర మెత్తనిది, చీలికలు లేవకుండా నున్నగా తిరుగుతుంది. లేత్ మీద తిరుగుతున్న కొయ్యకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనించి నొక్కుతారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యను అంటుకుంటుంది. తరవాత మొగలి ఆకు ఒత్తిపట్టి మెరుపు తెస్తారు. ఇందులో కుంచెకు పనే లేదు. అందుకే పెయింటు వేసిన చెక్కబొమ్మల్లాగా పొరలు పొరలుగా ఊడదు. మా బిందె అంచు నేలకేసి కొట్టడం వల్ల అరిగింది గానీ పెచ్చు లేవలేదు.

ఇక మూతల సంగతి. కుంకుమ భరిణె ఆకారంలో ఉన్న చిన్న డబ్బా మూత వానాకాలంలో బిగుసుకుంటుంది, ఎండాకాలంలో వదులవుతుంది. మన విశాఖ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఇది తప్పదు. బలంగా లాగకూడదు, మెల్లగా తిప్పుతూ తీస్తే వస్తుంది. బలవంతంగా తీస్తే అంచు చిట్లుతుంది.

అసలు పరీక్ష 2014 అక్టోబరు 12న వచ్చింది. హుద్‌హుద్ తుపాను రోజున కిటికీ అద్దాలు పగిలి, వాన జల్లు గది నిండా కొట్టింది. మంచం కింద ఉన్న క్యారమ్ బోర్డు ప్లైవుడ్ ఉబ్బి పొరలు విడిపోయింది. ఎంత పౌడరు చల్లినా స్ట్రైకరు మళ్ళీ సాఫీగా జారలేదు. దాని పక్కనే తాటాకు బుట్ట కూడా నీళ్ళలో నానింది. పిడతల మీద తెల్లని మసక కమ్మింది. వాటిని ఎండలో పెట్టకుండా నీడలో ఆరనిచ్చి, పొడిగుడ్డతో తుడిచాం. మసక చాలావరకు పోయింది. అప్పడాల పీట మాత్రం కాస్త వంగింది. దాన్ని మట్టి మీద పెట్టి ఆడుకునే వయసులో ఉన్న మా అమ్మాయికి ఆ వంపు అడ్డమే కాలేదు.

రెండో సెట్టు ఏటికొప్పాక వెళ్ళి కొన్నది. వరాహ నది ఒడ్డున ఉన్న ఈ ఊరు విశాఖ నుంచి 60 కిలోమీటర్ల పైచిలుకు దూరం, 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది. రసాయన రంగులను విడిచి పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటితో రంగులు తీసే పద్ధతిని ఇక్కడ మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు 2017లో దక్కింది. పాత సెట్టులోని గులాబీ రంగు కళ్ళు జిగేలుమనిపించేది. కొత్తదాంట్లో రంగులు నెమ్మదిగా ఉంటాయి. నాకు ఇవే నచ్చాయి. పసిపిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు కాబట్టి ఈ తేడా నాకు చాలా పెద్దది.

లోపాలూ ఉన్నాయి. పసుపుతో వచ్చిన రంగు ఎండకు నిలవదు. కిటికీ దగ్గర పెట్టిన గిన్నె ఒకవైపు వెలిసిపోయింది, నీలిరంగు మూత మాత్రం అలాగే ఉంది. తిరగలి పిడి సన్నగా ఉంటుంది. రెండు సెట్లలోనూ మొదట విరిగింది అదే. కరోనా రోజుల్లో మా బంధువు ఒకరు జాగ్రత్త కోసమని గిన్నెలను శానిటైజరుతో తుడిచారు. ఆల్కహాలులో లక్క కరుగుతుంది. పై పొర జిగటగా మారి రంగు గుడ్డకు అంటుకుంది. అలాంటి ద్రవాలేవీ తగలనివ్వకండి. వేడినీళ్ళు కూడా వద్దు, తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు. చెంబు, గరిటె వంటివి మరీ చిన్నవి. మూడేళ్ళలోపు పిల్లల చేతికి వాటిని ఇవ్వకూడదు. ఆ వయసుకు గిలక్కాయ కొనడం మంచిది.

ఏటికొప్పాక బొంగరం గురించి కూడా చెప్పాలి. తాడు, మేకు అక్కర్లేకుండా వేళ్ళతో తిప్పే రకం. మా పాత ఇంటి నున్నని గచ్చు మీద అది చాలాసేపు నిలబడి తిరిగేది. ఎరుపు, పసుపు గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసి నారింజ రంగు వలయం కనిపించేది. మొన కొయ్యదే కాబట్టి టైల్స్ మీద గీతలు పడవు. ఈనాటి ఇళ్ళకు ఇంతకంటే అనువైన బొంగరం లేదని నా అభిప్రాయం.

నాకు బాధ కలిగించేది ఒక్కటే. కొంటున్నవాళ్ళలో చాలామంది వీటిని అద్దాల బీరువాలో పెడుతున్నారు. దుకాణాల్లోనూ అలంకరణ బొమ్మలు, కీ చెయిన్లే ముందు వరుసలో ఉంటున్నాయి, పూర్తి వంట సెట్టు అడిగితే గానీ తీయరు. ఇవి ఆటకు చేసినవి. చేతి నూనె తగిలేకొద్దీ నునుపు పెరుగుతుంది. మా పాత రోకలి కొత్తదాని కంటే నున్నగా ఉంటుంది.

కొనేటప్పుడు మూత తీసి చూడండి, లోపల కొయ్య గరుకుగా ఉండకూడదు. రంగు సహజమైనదో కాదో అడగండి. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి అయినా, నమోదైన హస్తకళాకారులు చేసినవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్నవాటికి మినహాయింపు ఉంది. ముద్ర లేదని వెనక్కి పెట్టేయకండి. ధర ప్లాస్టిక్ సెట్టు కంటే ఎక్కువే, కానీ నేను బేరం ఆడను. ఈసారి ఏటికొప్పాక వెళ్ళినప్పుడు విరిగిన తిరగలిని పట్టుకెళ్ళి, కాస్త లావుపాటి పిడి చేసి బిగించమని అడగబోతున్నాను.