పందిరి కింద ఆరేళ్లు: మూలపడ్డ మిత్సుబిషి శక్తి మినీ ట్రాక్టర్‌ని లేపి నడిపిన అనుభవం

బెంగళూరు పక్కన దేవనహళ్లి దగ్గర మాకు రెండెకరాల ద్రాక్షతోట ఉంది. బెంగళూరు బ్లూ రకం, రాతి స్తంభాల మీద తీగల పందిరి. దాని కింద పెద్ద ట్రాక్టర్ తిరగదు. అద్దె టిల్లర్ల కోసం మూడేళ్లు తిరిగాను. నేలలో దున్నకానికి సరిపడా తడి, అంటే పదును ఉన్న రోజు టిల్లర్ దొరికేది కాదు, దొరికే రోజుకి పదును పోయేది. ఇక లాభం లేదని 2019లో పాత మిత్సుబిషి శక్తి ఎంటీ 180డీ ఒకటి 70 వేలకు కొన్నాను. 3 సిలిండర్ల డీజిల్ ఇంజన్, 18.5 హార్స్‌పవర్. 2001లో రిజిస్టరైన బండి. నాలుగేళ్లుగా షెడ్డులో కదలకుండా ఉంది.

"బ్యాటరీ వేస్తే చాలు సార్, పట్టుకుంటుంది" అన్నాడు అమ్మినాయన. ఆ మాట నమ్మి బ్యాటరీ వేసి స్టార్టర్ నొక్కి ఉంటే ఇంజన్ ఆ రోజే పోయేది. ఇలాంటి బండి కొనేవాళ్లకు నేను చెప్పదలచుకున్నదంతా ఆ మొదటి స్టార్ట్‌కు ముందు చేయాల్సిన పని గురించే. మాకు అది పదకొండు రోజులు పట్టింది.

బాగేపల్లి వైపు నుంచి ఒక మేస్త్రీని పిలిపించాను. తెలుగాయన, అరవై దాటిన మనిషి, టిల్లర్లు, చిన్న ట్రాక్టర్ల మీదే బతుకంతా గడిపారు. వస్తూనే, "స్టార్టర్ ముట్టుకోవాకు నాయనా, ముందు చేత్తో తిప్పి చూద్దాం" అన్నారు. ఇంజన్‌ని తిప్పే క్రాంక్ పుల్లీ నట్టుకి స్పానర్ వేస్తే కదల్లేదు. స్టార్ట్‌కు ముందు సిలిండర్లని వేడిచేసే మూడు గ్లో ప్లగ్గులూ విప్పి, ఆ రంధ్రాల్లో డీజిల్, ఇంజన్ ఆయిల్ సగంసగం కలిపి పోశారు. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి స్పానర్ వేసి ముందుకీ వెనక్కీ మెల్లగా ఒత్తడం, మళ్లీ వదిలేయడం, అంతే. పొడుగు పైపు తగిలించి బలంగా లాగబోతే నా చెయ్యి పట్టి ఆపారు. మూడో రోజు సాయంత్రం పుల్లీ వేలెడు మేర జరిగింది. మర్నాటికి పూర్తిగా తిరిగింది.

తిరిగిందని ప్లగ్గులు వెంటనే బిగించకూడదు. రంధ్రాల మీద గుడ్డ కప్పి స్టార్టర్‌తో పది సెకన్లు తిప్పితే లోపల నిలిచిన ఆయిల్ నల్లగా చిమ్మి బయటికొచ్చింది. గాలిలాగా ఆయిల్ నలగదు. అది పిస్టన్ మీద ఉండగా ప్లగ్గులు బిగించి స్టార్ట్ కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది.

తర్వాతది నేను అంతకుముందు ఎన్నడూ విననిది. సిలిండర్లకి డీజిల్ కొట్టే ఇంజక్షన్ పంపు లోపల డీజిల్‌ని ఎక్కువ తక్కువ చేసే రాక్ ఉంటుంది. బండి ఏళ్ల తరబడి నిలబడితే పాత డీజిల్ జిగురుగా ఆరిపోయి ఆ రాక్ అంటుకుంటుంది. ఫుల్ మీద అంటుకుని ఉంటే స్టార్టయిన మరుక్షణం ఇంజన్ అదుపు తప్పి అరుస్తూ పోతుంది. యాక్సిలరేటర్ తగ్గించినా తగ్గదు, స్టాప్ లాగినా ఆగదు. మా బండి రాక్ నిజంగానే అంటుకుని ఉంది. పంపు పక్క మూత విప్పి మేస్త్రీ చిటికెన వేలితో తోసి చూపించారు, రాయిలా ఉంది. ఒక రాత్రంతా కొత్త డీజిల్‌లో నానబెడితే తెల్లారేసరికి ఊయలలా ఆడింది. పాత డీజిల్ బండి కొనే ప్రతి ఒక్కరూ ఈ ఒక్కటీ తప్పకుండా చూడాలి.

ట్యాంకు అడుగున పాచిలాంటి నల్లటి జిగురు, దాని కింద నీళ్లు. రెండుసార్లు కడిగి, ఫిల్టర్ మార్చి, డీజిల్ దారిలో చేరిన గాలి తీశాం. ఫిల్టర్ పైనున్న బ్లీడింగ్ స్క్రూ వదులు చేస్తే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి తీగలా డీజిల్ వస్తుంది. అప్పుడు బిగించాలి. అదే పని పంపు దగ్గర, చివరగా ఇంజక్టర్ పైపుల దగ్గర చేయాలి. ఎయిర్ క్లీనర్ ఆయిల్ బాత్ రకం, అంటే గాలిలోని దుమ్ముని గిన్నెలోని ఆయిల్‌తో పట్టేది. గిన్నెలో ఆయిల్ బెల్లం పాకంలా తయారైంది. పైపులో ఎలుక గూడు, దాని నిండా శనగకాయ పొట్టు. మూడు గ్లో ప్లగ్గుల్లో రెండు కాలిపోయినట్టు మల్టీమీటర్ చూపించింది. బెంగళూరు జేసీ రోడ్డులో కొత్తవి మూడూ తెచ్చాను. మూడు ఇంజక్టర్లనీ టెస్ట్ చేయిస్తే ఒకటి పొగమంచులా చిమ్మాల్సింది పోయి బొట్లు కారుస్తోంది. దానికి నాజిల్ మార్చాం.

పదకొండో రోజు పొద్దున రెండు వెనక చక్రాలకీ అడ్డాలు పెట్టాం. మేస్త్రీ కొడుకు ఎయిర్ పైపు పక్కన మందపాటి చెక్క పలక పట్టుకుని నిలబడ్డాడు. ఇంజన్ అదుపు తప్పితే గాలి మూసేయడానికి. ఇరవై సెకన్లు గ్లో ఇచ్చి తాళం తిప్పాను. ఒక సిలిండర్ కొట్టింది, ఆగింది. మళ్లీ గ్లో ఇచ్చి తిప్పాను. తెల్లపొగ పందిరంతా కమ్మింది, రెండు సిలిండర్లు కుంటుతూ, తర్వాత మూడోది కలిసింది. ఆ మూడూ కలిసిన శబ్దం వినగానే మా ఆవిడ ఇంట్లోంచి కుంకుమ తెచ్చింది. పలకతో పని పడలేదు.

అయితే గేరు పడలేదు. క్లచ్ ప్లేటు తుప్పుతో ఫ్లైవీల్‌కి అతుక్కుపోయింది. ఇంజన్ ఆపి, పెడల్‌ని పూర్తిగా తొక్కి కర్ర అడ్డం పెట్టి రాత్రంతా ఉంచాం. మర్నాడు పెడల్ అలాగే ఉంచి, ఇంజన్ ఆర్పే ఉంచి, పై గేరులో వేసి నలుగురం తాడుతో ముందుకీ వెనక్కీ ఊపాం. ఏడో ఊపుకో ఎనిమిదో ఊపుకో 'టక్'మని లోపల విడిపోయిన చప్పుడు వచ్చింది. ఇంజన్ నడుస్తుండగా గేరులో వేసి విడిపించేవాళ్లున్నారు. మనుషులు ముందర నిలబడే తోటలో ఆ పని వద్దు.

హైడ్రాలిక్ లిఫ్ట్ లేవలేదు. ఆయిల్ తీస్తే పాలలా తెల్లగా, నీళ్లు కలిసి ఉంది. జల్లెడ కడిగి కొత్త ఆయిల్ పోశాక లేచింది. కొత్త బ్యాటరీ, వెనక టైర్లు, మేస్త్రీ కూలీ అన్నీ కలిపి రిపేరుకి 58 వేలైంది. మొత్తం 1 లక్షా 28 వేలు.

ఆరేళ్ల వాడకంలో తేలింది చెబుతాను. పదునున్న ఎర్రనేలలో మట్టిని గుల్ల చేసే మూడడుగుల రోటవేటర్‌ని హాయిగా లాగుతుంది. పందిరి కింద తల వంచకుండా కూర్చోవచ్చు, వరస చివర స్తంభాన్ని తగలకుండా తిరుగుతుంది. నేను కొలిచిన లెక్కలో రోటవేటర్‌తో గంటకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల డీజిల్ తాగుతుంది. తోటంతా ఒక పూటలో అయిపోతుంది. మందు కొట్టే పంపుని పీటీవోకి, అంటే ఇంజన్ బలాన్ని బయటి పరికరాలకి ఇచ్చే వెనక షాఫ్టుకి తగిలిస్తే రోజంతా ఒకే శబ్దంతో నడుస్తుంది.

ఎండిన నేలలో మాత్రం దీన్ని బాధపెట్టకండి. బరువు తక్కువ కావడంతో చక్రాలు జారతాయి. వెనక ట్యూబుల్లో వాల్వు పైకి ఉంచి వాల్వు మట్టం దాకా నీళ్లు నింపాను, ముప్పాతిక వంతు నిండుతుంది. దాంతో జారడం చాలా తగ్గింది. అయినా గట్టినేలలో కల్టివేటర్ దాని పని కాదు. వానపడే దాకా ఆగాలి. రెండెకరాలవాడికి ఆ ఆగడం నష్టం కాదు. ఐదారెకరాలుంటే ఇంతకంటే పెద్దది చూసుకోండి. మార్చి, ఏప్రిల్‌లో మధ్యాహ్నం ఇంజన్ వేడి మోకాళ్లకు కొడుతుంది కాబట్టి పొద్దున ఆరు నుంచి పది లోపే ముగిస్తాను. డిసెంబరు చలిలో గ్లో ఇంకో పది సెకన్లు ఎక్కువ ఇస్తే చాలు.

విడిభాగాల విషయంలో మాది అదృష్టం. 1967లో మిత్సుబిషి సహకారంతో ఈ బెంగళూరులోనే మొదలైన వీఎస్‌టీ కంపెనీ తయారుచేసిన బండి ఇది. ఆయిల్ సీళ్లు, ఫిల్టర్లు, బేరింగులు ఏవి కావాలన్నా ఇప్పటిదాకా ఒక్కరోజులో దొరికాయి. పాత బండి ఏది చూసినా ముందు దాని సామాను మీ ఊళ్లో దొరుకుతుందో లేదో అడగండి, తర్వాత ధర మాట్లాడండి.

కాగితాలను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 15 ఏళ్ల గడువు దాటిన ఆర్‌సీ అది. రెన్యువల్‌కి ఫారం 25, పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30. అమ్మినాయన సంతకాలన్నీ డబ్బులిచ్చే రోజే తీసుకున్నాను కాబట్టి గట్టెక్కాను.

పోయిన కార్తీకం నుంచి మూడో గేరులో బరువు పడినప్పుడు క్లచ్ కాస్త జారుతోంది. అప్పుడు తుప్పు నుంచి విడిపించిన ప్లేటే ఆరేళ్లు మోసింది. కొత్త ప్లేటు తెచ్చి అటక మీద పెట్టాను. ఉగాది దాటాక వస్తానని మేస్త్రీ ఫోన్‌లో చెప్పారు. బండిని రెండుగా విడదీయాలి, ఇద్దరు మనుషుల్ని పెట్టుకో నాయనా అన్నారు.