జయపురంలో లారీ బంపర్ పని: ఇనప పనికి వెళ్ళండి, రంగుకి మాత్రం వద్దు

ఒడిశాలోని జయపురం నుంచి కొరాపుట్ వెళ్ళే రోడ్డు మీద టైర్ల షాపుల వరసలో ఒక పాత రేకుల షెడ్డు ఉంది, బోర్డు కూడా సరిగ్గా ఉండదు, లారీ బంపర్లకి, క్యాబిన్లకి సొట్టలు తీస్తారు. ఇనప పని అయితే కళ్ళు మూసుకుని ఇచ్చేయొచ్చు.

లోడుతో సాలూరు నుంచి ఎక్కుతుంటే సుంకి ఘాట్ మలుపులో ముందు లారీ వెనక్కి జారి మా పది టైర్ల బండికి తగిలింది. బంపర్ ఎడమ చివర మడతపడి లోపలికొచ్చేసింది, స్టీరింగ్ ఫుల్లుగా తిప్పితే టైరుకి రాసుకుంటోంది. మొదట చూపించిన చోట బంపర్ మొహం చూసి 'కొత్తది వేసేద్దాం' అనేశారు, వాళ్ళు చెప్పిన రేటు ఇక్కడ అయిన ఖర్చుకి దాదాపు మూడింతలు.

ఇక్కడి మేస్త్రీ అలా కాదు. "బంపర్‌దేముంది బాబూ, ముందు దాన్ని మోసే బ్రాకెట్ చూద్దాం" అని బండి కిందకి దూరారు. బంపర్ విప్పించి, ఛాసిస్ చివర్ల నుంచి రెండు బ్రాకెట్ల బోల్టు రంధ్రాలకి అడ్డంగా, ఐమూలగా టేపు పెట్టి కొలిచారు. ఎడమ బ్రాకెట్ వంగింది. అది సరిచేయకుండా కొత్త బంపర్ బిగించినా వంకరగానే కూర్చుంటుంది, బోల్టులు లాగి బిగిస్తే కొన్నాళ్ళకి వెల్డింగు దగ్గర పగులుతుంది. నాకు నచ్చింది ఈ కొలత పనే, చాలా షెడ్లలో ఇది చేయరు.

సొట్టని గ్యాస్‌తో కాస్త ఎర్రబడేదాకా వేడి చేసి, వెనక దిమ్మె పట్టి, అంచుల నుంచి మధ్యకి సుత్తితో కొడుతూ వచ్చారు. కుర్రాడు చల్లారడానికి నీళ్ళు కొట్టబోతే కేక వేసి ఆపారు, నీళ్ళు పడితే రేకు ముడుచుకుని వంకర తిరుగుతుందట. చివర్న ఈ కొస నుంచి ఆ కొసకి దారం లాగి చూపించారు, ఎక్కడా సందు లేదు. బ్రాకెట్‌కి వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీ వైరు తీయించారు, బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) బండికి అలా చేయకపోతే ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, పోయే ప్రమాదం ఉంది. ఇంతా చేస్తే మొత్తం మూడున్నర వేలు. క్రోమ్ బంపర్ అయితే ఈ పద్ధతి పనికిరాదు, వేడికి పూత నీలంగా మారి పాడవుతుంది.

ఇక రంగు. వానాకాలం, గాలంతా చెమ్మ, తుప్పు పట్టకుండా అడుగున వేసే రెడ్ ఆక్సైడ్ పూత ఆరకముందే మీద నల్ల రంగు కొట్టేశారు, వారం తిరక్కుండానే బుడగలు లేచి ఊడిపోయింది. అడిగితే 'మళ్ళీ కొడతాం, బండి ఉంచండి' అంటారు, కిరాయి వదులుకుని ఎవరుంచుతారు? సాయంత్రానికి ఇస్తామన్న బండి మర్నాడు ఇవ్వడం వేరే టెన్షన్. పైగా ముందు పైపుల గార్డు పెట్టించుకోమని కుర్రాడు తెగ చెప్తాడు. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ వాటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి రాసింది, అనవసరంగా చలానా తెచ్చుకోకండి.

డబ్బులు ఫోన్‌పేలో తీసుకుంటారు గానీ బిల్లు అడిగితే చిట్టీ రాసిస్తారు. ఇన్సూరెన్స్ వాడాలనుకునేవాళ్ళు బిల్లు సంగతి ముందే మాట్లాడుకోండి, మీ పాలసీలో ఐఎంటీ 23 అనే అదనపు కవర్ ఉందో లేదో కూడా చూసుకోండి, అది లేకపోతే సరుకు లారీకి బంపర్, లైట్లు, మడ్‌గార్డుల సొట్టలకి డబ్బు రాదు. నాకు అది ఉన్నా ఇంత చిన్న పనికి నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయకపోతే ప్రీమియంలో వచ్చే తగ్గింపు) పోగొట్టుకోవడం దండగ అనిపించి చేతి డబ్బే పెట్టుకున్నాను.