అమెరికా మెడికేర్: బెంగళూరులో స్థిరపడ్డాక పార్ట్ బీ ఉంచుకోవాలా, వదులుకోవాలా?

వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు అపార్ట్‌మెంట్లలో అమెరికాలో చాలాకాలం పనిచేసి వచ్చేసిన తెలుగువాళ్ళు తక్కువేమీ లేరు. 65 దగ్గరపడుతుంటే మెడికేర్ (65 దాటినవాళ్ళకు అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) సంగతి తప్పక తలెత్తుతుంది. దానితోపాటే "అది అక్కడి సర్కారు ముసలివాళ్ళకిచ్చే సంక్షేమం, మనకెందుకులే" అన్న మాటా వినిపిస్తుంది. ఈ అభిప్రాయం ఖరీదైనది. దీన్ని నమ్మి గడువు దాటబెట్టుకున్నవాళ్ళు జీవితాంతం జరిమానా కడతారు.

1965 జులై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఒకే చట్టం మీద సంతకం పెట్టి మెడికేర్‌నూ మెడికెయిడ్‌నూ తెచ్చారు. పేర్లు దగ్గరగా ఉండటంతో గందరగోళం అక్కడే మొదలవుతుంది. ఆదాయం తక్కువని రుజువు చేసుకుని పొందేది మెడికెయిడ్. మెడికేర్‌ పార్ట్ ఏ (ఆసుపత్రి ఖర్చు) అలా కాదు. పాత పేస్లిప్పు తీసి చూడండి: జీతంలో 1.45 శాతం మెడికేర్ పన్నుగా పోయింది, కంపెనీ మరో 1.45 శాతం కట్టింది. ఏడాదికి గరిష్ఠంగా 4 చొప్పున 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ళ పని పూర్తయితే పార్ట్ ఏ ప్రీమియం లేకుండా వస్తుంది. భర్తకో భార్యకో 40 ఉంటే రెండోవాళ్ళకూ వర్తిస్తుంది. హెచ్-1బీ మీద 9 ఏళ్ళు కట్టి వచ్చేసినవాళ్ళకు మాత్రం ఆ హక్కు రాదు. ఇక్కడి పీఎఫ్ సంవత్సరాలు అక్కడ కలవవు. ఇంత కచ్చితంగా చందా లెక్క చూసేదాన్ని దానమనడం అన్యాయం.

అయితే పార్ట్ బీ (డాక్టర్లు, పరీక్షలు, అవుట్‌పేషెంట్) విషయంలో నిజం ఒప్పుకోవాలి. మనం కట్టే మామూలు ప్రీమియం దాని ఖర్చులో పావు వంతే. మిగతాది ఎక్కువగా సాధారణ పన్నుల సొమ్ము. అందులో సమాజం చెయ్యి ఉంది. కానీ పేదలకే ఇస్తామనే షరతు లేదు, పైగా ఆదాయం ఎక్కువైతే ప్రీమియం పెరుగుతుంది.

ఈ తేడా మాటల వరకే కాదు. తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు పెట్టేటప్పుడు పిల్లలు ఐ-864 పూచీ పత్రం రాసిస్తారు. ఆ తర్వాత అమ్మానాన్నలు మెడికెయిడ్ వాడుకుంటే ప్రభుత్వం ఆ ఖర్చు పూచీ ఇచ్చినవాళ్ళ నుంచి రాబట్టవచ్చు. మెడికేర్ ఆ జాబితాలో లేదు. కాకపోతే పిల్లల క్రెడిట్లు వాళ్ళ తల్లిదండ్రులకు పనికిరావు. తల్లిదండ్రులు గ్రీన్ కార్డుతో వరుసగా 5 ఏళ్ళు అక్కడే ఉంటేనే కొనుక్కోగలరు, అదీ 2026లో పార్ట్ ఏకి నెలకు 565 డాలర్లు. మధ్యలో బెంగళూరు వచ్చి ఆరు నెలలు దాటి ఉండిపోతే ఆ 5 ఏళ్ళ లెక్కే చిక్కులో పడుతుంది.

ఇక బెంగళూరులో మెడికేర్ కార్డు విలువ? సున్నా. ఇక్కడి ఏ ఆసుపత్రి బిల్లూ మెడికేర్ చెల్లించదు. ఒక వెసులుబాటు అమెరికాలో ఉంటూ చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళకుంది. మెడిగ్యాప్ (మెడికేర్ చెల్లించని వాటా కోసం ప్రైవేటు కంపెనీలు అమ్మే అదనపు బీమా) జీ, ఎన్ లాంటి ప్లాన్లు ప్రయాణం మొదటి 60 రోజుల్లో వచ్చే అత్యవసర వైద్యానికి 250 డాలర్లు పోను 80 శాతం ఇస్తాయి, జీవితకాల పరిమితి 50,000 డాలర్లు. సంక్రాంతికి వచ్చి వెళ్ళేవాళ్ళకు ఇది చాలు.

స్థిరపడ్డవాళ్ళ అసలు ప్రశ్న పార్ట్ బీ. 2026లో నెలకు 202.90 డాలర్లు, ఏడాదికి దాదాపు 2,435. కట్టకపోతే ప్రతి పూర్తి 12 నెలలకూ 10 శాతం జరిమానా, అదీ మళ్ళీ చేరాక ఎప్పటికీ. లెక్క వేయండి. 5 ఏళ్ళు ఆపితే ఇప్పటి రేటున 12,174 డాలర్లు మిగులుతాయి. తిరిగి చేరాక నెలకు 101.45 అదనం, అంటే మిగిలినదంతా 120 నెలల్లో హరించుకుపోతుంది. 3 ఏళ్ళు ఆపినా, 8 ఏళ్ళు ఆపినా అదే 120 నెలలు. ప్రీమియం పెరిగితే జరిమానా కొత్త రేటు మీదే పడుతుంది కాబట్టి ఆ వ్యవధి ఇంకా తగ్గుతుంది. కాబట్టి డబ్బు వరకే అయితే వదులుకోవడం మూర్ఖత్వమేమీ కాదు.

భయపడాల్సింది ఖాళీ నెలలకు. మళ్ళీ చేరడానికి జనవరి 1 నుంచి మార్చి 31 వరకే అవకాశం, కవరేజీ మరుసటి నెల నుంచి. ఏప్రిల్‌లో ఇక్కడ క్యాన్సర్ బయటపడి పిల్లల దగ్గరకు వెళ్దామనుకుంటే ఫిబ్రవరి దాకా పార్ట్ బీ ఉండదు. పార్ట్ ఏ ఉందిగా అనుకుంటారు. అది ఆసుపత్రి గదికీ నర్సింగుకూ, 1,736 డాలర్ల డిడక్టిబుల్ (ముందు మనమే కట్టుకోవాల్సిన మొత్తం) పోయాక. సర్జన్ బిల్లు, కీమో డేకేర్ పార్ట్ బీ కిందికే వస్తాయి.

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ కంపెనీ గ్రూపు పాలసీలో ఉంటే (మీదైనా, జీవిత భాగస్వామిదైనా) పని ఆగాక 8 నెలల ప్రత్యేక గడువు ఉంటుంది, జరిమానా పడదు. కంపెనీతో సీఎంఎస్-ఎల్564 ఫారం నింపించుకోవాలి. సొంతంగా కొన్న పాలసీ దీనికి చెల్లదు. 65వ పుట్టినరోజు వచ్చే నెలకు ముందు 3, తర్వాత 3 నెలల తొలి గడువు బెంగళూరులో ఉన్నా పరుగెడుతూనే ఉంటుంది. ఇక్కడివాళ్ళకు సంబంధించిన ఆఫీసు మనీలాలోని అమెరికా ఎంబసీలో ఉన్న ఫెడరల్ బెనిఫిట్స్ యూనిట్.

మా సలహా: మనవలు అక్కడుండి, చివరికి అక్కడికే వెళ్ళే ఆలోచన ఉంటే పార్ట్ బీ కడుతూనే ఉండండి. సోషల్ సెక్యూరిటీ పింఛను ఇంకా మొదలవకపోతే బిల్లు మూడు నెలలకోసారి పాత అమెరికా చిరునామాకు పోయి, ఎవరూ చూడక పాలసీ రద్దవుతుంది. అమెరికా బ్యాంకు ఖాతా నుంచి ప్రీమియం దానంతటదే పోయే ఈజీ పే పెట్టుకోవాలి. ఇక్కడే ఉండిపోతామన్న నిశ్చయముంటే పార్ట్ ఏ అట్టిపెట్టుకుని, సీఎంఎస్-1763 ఫారంతో బీ మానుకోండి. కానీ ముందు ఇక్కడి ఆరోగ్య బీమా పాలసీ చేతికి రానివ్వండి. 2024 ఏప్రిల్ నుంచి బీమా కంపెనీలు 65 దాటినవాళ్ళతో సహా అన్ని వయసులవాళ్ళకూ పాలసీలు అందుబాటులో ఉంచాలి, పాత జబ్బులకు వెయిటింగ్ 36 నెలలు మించకూడదు. అందుకే 62 ఏళ్ళకే తీసుకుంటే, మెడికేర్ వయసు వచ్చేనాటికి షుగరూ బీపీ కూడా అందులోకి వచ్చేసి ఉంటాయి.