నికాన్ 18-140, టామ్రాన్ 18-200: ప్రయాణానికి ఏది?

చేతిలో నికాన్ డీఎక్స్ (చిన్న సెన్సర్) కెమెరా ఉండి, ఊళ్లు తిరగడానికి ఒకే ఒక్క జూమ్ లెన్స్ చాలనుకుంటే ఈ రెండూ చూడండి.

టామ్రాన్ 18-200 వీసీ బరువు 400 గ్రాములు, నికాన్ 18-140 వీఆర్ 490 (వీసీ, వీఆర్ రెండూ చేతి వణుకును సర్దే ఏర్పాటుకు పేర్లే). కాగితం మీద కనిపించినంత తేడా మెడకు తెలియదు లెండి.

అసలు తేడా జూమ్ చివర్లో ఉంది. నేలపట్టు పక్షుల కేంద్రంలో చెట్టు మీది గూడబాతును దగ్గరగా తీయాలంటే 200 ఎంఎం అక్కరకొస్తుంది. రామప్ప గుడి మదనికల నగల చెక్కడానికైతే 140 చాలు. పైగా 200 దగ్గర టామ్రాన్ ఎఫ్/6.3కి పడిపోతుంది (ఎఫ్ పక్క అంకె పెరిగేకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గుతుంది), ఫొటో అంచులు మెత్తబడతాయి. ఎఫ్/8 పెడితే కొంత నయం, కానీ అప్పుడు మంచి వెలుతురు ఉండాలి. నికాన్ 140 దగ్గర 5.6తో ఆగుతుంది.

ఫోకస్‌లో నికాన్‌దే పైచేయి. టామ్రాన్ మోటారు నెమ్మది, వీడియో తీస్తుంటే దాని చప్పుడు కూడా చేరుతుంది. మండపాల్లోని చీకటికి మాత్రం రెండూ చాలవు, దానికి 35 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ వేరే ఉండాల్సిందే.

నేనైతే సెకండ్‌హ్యాండ్‌లో నికాన్ 18-140 వెతుక్కుంటాను. పక్షుల పిచ్చి ఉన్నవాళ్లకు టామ్రాన్. ఫిల్టర్ కొనేటప్పుడు సైజు చూసుకోండి: టామ్రాన్‌కు 62 ఎంఎం, నికాన్‌కు 67.