కైలాసగిరి ఎక్కుడులో మూడేళ్లుగా నేను చూస్తున్న అంకె

కొండ మీదికి పరిగెత్తేటప్పుడు కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పట్టిందో చూడటం మానేసి మూడేళ్లయింది. ఇప్పుడు నా వాచీలో ఉండేది, గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కే వేగంలో ఉన్నానన్న లెక్క. సైక్లిస్టులు దీన్ని వామ్ అంటారు.

కైలాసగిరి ఘాట్ రోడ్డులో ఒక నిటారు ముక్క ఎంచుకున్నాను. వాచీ లెక్కన 60 మీటర్ల ఎత్తు. మొదట్లో ఆరు నిమిషాలు పట్టేది, అంటే గంటకు 600 మీటర్లు. కానీ ఆ సగటు వెనక వేరే సంగతి ఉంది. మొదటి నిమిషం 850తో ఉరికి, చివరికొచ్చేసరికి 450కి పడిపోయేవాణ్ణి. నాకు ఓపిక తక్కువేమో అనుకునేవాణ్ణి. ఉన్న ఓపికంతా కిందే ఖర్చు చేస్తున్నానని అప్పుడు అర్థమైంది. 650 దాటకుండా మొదలుపెట్టడం అలవాటు చేసుకున్నాను. కాళ్లు లాగుతున్నా ఆపుకోవాలి, అదే కష్టం. ఎనిమిది నెలలకు అదే ముక్క ఐదు నిమిషాల్లో ఎక్కాను, 720. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో!

సింహాచలం మెట్ల దారి ఇంకోటి నేర్పింది. పరిగెడితే 820, గుండె 178 కొట్టుకుంది. మోకాళ్ల మీద చేతులు ఆనించి గబగబా నడిస్తే 790, గుండె 158. అప్పటినుంచి మెట్ల మీద నడకే.

ఒక కొండ అంకెను ఇంకో కొండతో పోల్చకండి. ఐదు శాతం వాలులో గంటకు పది కిలోమీటర్లు పరిగెత్తినా 500 దగ్గరే ఉంటుంది. ఇరవై శాతం వాలులో ఐదు కిలోమీటర్ల నడకకే 1000కి దగ్గరవుతుంది. స్విట్జర్లాండ్‌లోని ఫుల్లీలో 2017లో ఇటలీ పర్వత రన్నర్ ఫిలిప్ గోట్ష్ 1000 మీటర్ల ఎత్తు 28 నిమిషాల 53 సెకన్లలో ఎక్కాడు, అంటే 2000 పైనే. అది రెండు కిలోమీటర్లు కూడా లేని నిట్టనిలువు దారి.

వాచీ కొనేటప్పుడు గాలి పీడనం కొలిచి, దాన్నిబట్టి ఎత్తు చెప్పే సెన్సర్ ఉందో లేదో చూడండి. చిన్న ఎక్కుళ్లకు జీపీఎస్ ఎత్తు పనికిరాదు. అల్పపీడనం పట్టిన రోజుల్లో మొదలయ్యే ఎత్తు తప్పు చూపిస్తుంది గానీ, ఐదు నిమిషాల ఎక్కుడులో తేడా పెద్దగా రాదు. ఈదురుగాలి రోజు మాత్రం నమ్మను. పోయిన వేసవిలో ఎక్కుతున్నా అంకె సున్నా దగ్గరే నిలబడిపోయింది. వాచీ పాడైందని టెన్షన్ పడ్డాను. చూస్తే సెన్సర్ రంధ్రంలో చెమట ఉప్పు పేరుకుంది. మంచినీళ్లలో నానబెట్టి కడిగాక సరిగ్గా చూపించింది. ఇప్పుడు ప్రతి పరుగు తర్వాతా కడుగుతున్నాను.