ఇస్లామిక్ పాఠశాలకు కన్సల్టెన్సీ: నాలుగేళ్ల అనుభవంతో ఒక సమీక్ష

విజయనగరంలో మసీదు కమిటీ నిర్వహణలో నడిచే ఒక చిన్న పాఠశాలకు నేను కరస్పాండెంటును. పదో తరగతి వరకు రాష్ట్ర సిలబస్ చెబుతూ, దానితో పాటు ఖురాన్ పఠనం, దీనియాత్ (ఇస్లాం మత పాఠాలు) కూడా నేర్పే బడి ఇది. ఇస్లామిక్ పాఠశాలలకు మాత్రమే నాయకత్వ శిక్షణ, బడి మెరుగుదల సలహాలు ఇచ్చే ఒక కన్సల్టెన్సీ సేవలను నాలుగు విద్యా సంవత్సరాలుగా తీసుకుంటున్నాం. మా పక్క జిల్లాలోని శ్రీకాకుళం జామియా మసీదు 1641 నాటిది. మన ప్రాంతంలో ముస్లింల ఉనికి అంత పాతదే అయినా, 2011 జనగణన ప్రకారం రెండు జిల్లాల్లోనూ మన జనాభా ఒక్క శాతానికి లోపే. అందుకే మనలాంటి బడి మరొకటి ఎలా నడుస్తోందో పక్క ఊరికి వెళ్లి చూసి నేర్చుకునే వీలు తక్కువ. ఇలాంటి ఒప్పందం గురించి ఆలోచిస్తున్న కమిటీల కోసం ఇది రాస్తున్నాను. మేము పెట్టిన డబ్బులో ఎక్కువ భాగం ఫలించింది ఆ సలహాదారులు మా తరగతి గదుల్లో కూర్చున్న గంటల్లోనే అని నా అభిప్రాయం.

నాజిరా తరగతి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. నూరానీ ఖాయిదా అనే అరబ్బీ తొలి వాచకం పూర్తి చేసిన పిల్లలు ఖురాన్‌ను చూసి చదవడం సాధన చేసే తరగతి అది. ముప్ఫై మంది పిల్లల్లో ఒక్కొక్కరినీ ఖురాన్ నేర్పే ఉస్తాద్ గారు దగ్గరకు పిలిచి పాఠం వింటారు. తక్కినవారు తమ వంతు వచ్చేదాకా పుస్తకం ముందు ఊగుతూ కూర్చుంటారు. సలహాదారు ఉస్తాద్ గారి బోధన గురించి ఏమీ రాయలేదు. ఒక పిల్లవాడిని ఎంచుకుని, ఆ పీరియడ్‌లో వాడు గొంతెత్తి చదివింది ఎంతసేపో గడియారం చూసి రాసుకున్నారు. నలభై నిమిషాలను ముప్ఫై మందికి పంచితే తలా ఎనభై సెకన్లు వస్తాయి. ఆ పిల్లవాడికి అది కూడా దక్కలేదు. ఆ కాగితాన్ని స్టాఫ్ మీటింగులో పెట్టకుండా, అసర్ నమాజు తరువాత ఉస్తాద్ గారి పక్కన కూర్చుని, "హజ్రత్, వీడి వంతు ఇంకాస్త పెరగాలంటే ఏం చేద్దామంటారు?" అని అడిగారు. ఆ మర్యాద వల్లనే తరువాతి పనంతా సాధ్యమైంది.

పిల్లలను జతలుగా కూర్చోబెట్టి ఒకరి పఠనం మరొకరు వినాలని సలహాదారు సూచిస్తే, ఉచ్చారణలో ఒకరి తప్పు మరొకరికి అంటుకుంటుందని ఉస్తాద్ గారు అభ్యంతరం చెప్పారు. తజ్వీద్ (ఖురాన్ ఉచ్చారణ నియమాలు) తెలిసిన ఎవరైనా అదే అంటారు. చివరికి కొత్త పాఠం ఉస్తాద్ గారి దగ్గరే చెప్పించుకోవాలని, ఆయన సరేనన్న పాఠాల పునశ్చరణ మాత్రం జతల్లో సాగాలని నిర్ణయించుకున్నాం. ఖురాన్‌ను కంఠస్థం చేసే హిఫ్జ్ పిల్లలకు సబక్ (కొత్త పాఠం), సబ్ఖీ (ఇటీవలి పాఠాలు), మంజిల్ (పాత పాఠాల పునశ్చరణ) అని మూడు గళ్ల నోటు పుస్తకం పెట్టాం. కొత్త పాఠం మీది మోజులో పాత పారాలు (ఖురాన్ భాగాలు) జారిపోతున్న పిల్లవాడు ఎవరో ఇప్పుడు వారం తిరగకుండానే తెలిసిపోతోంది.

నాయకత్వ శిక్షణ అసలు అవసరమైంది కమిటీకే. ఉపాధ్యాయులు సెలవు కావాలంటే ఇషా నమాజు తరువాత తమకు తెలిసిన కమిటీ సభ్యుడికి ఫోన్ చేసేవారు. మా ప్రధానోపాధ్యాయురాలికి ఆ సంగతి మర్నాడు ఖాళీ తరగతి కనిపించాక తెలిసేది. ఏ నిర్ణయం కమిటీది, ఏది ఆమెది అని సలహాదారులు అందరినీ కూర్చోబెట్టి ఒకే పేజీలో రాయించారు. షూరా (కలిసి సంప్రదించుకోవడం) అంటే అందరూ అన్నిటిలో తలదూర్చడం అని అర్థం చేసుకున్న మా పెద్దలకు ఇది మొదట రుచించలేదు. ఇప్పుడు ఆమె రోజూ రెండు పీరియడ్లు తరగతుల్లో గడపగలుగుతున్నారు. కన్సల్టెన్సీ ఫీజును జకాత్ (విధిగా ఇచ్చే దానం) నిధి నుంచి తీయవద్దని కూడా వారే ముందుగా చెప్పారు. ఖురాన్ 9వ సూరా (అధ్యాయం) 60వ ఆయత్ (వాక్యం) జకాత్‌ను ఎనిమిది వర్గాలకే కేటాయించింది కాబట్టి, ఆ సొమ్ముకు ఇప్పుడు వేరే ఖాతా ఉంది. తమకు రావలసిన డబ్బు విషయంలో అలా మాట్లాడే సంస్థను నమ్మవచ్చు.

హిజ్రీ (ఇస్లామిక్ చాంద్రమాన) సంవత్సరం ఇంగ్లీషు సంవత్సరం కన్నా పది, పదకొండు రోజులు తక్కువ కావడంతో రంజాన్ ఏటా అంత ముందుగా వస్తుంది. 2024, 2025లలో పదో తరగతి పబ్లిక్ పరీక్షలు ఉపవాస మాసంలోనే వచ్చాయి. రివిజన్ అంతా రంజాన్‌కు ముందే ముగిసేలా కేలండర్ వేయించడం చిన్న సలహాయే కానీ చాలా పనికొచ్చింది.

లోపాల విషయానికి వస్తే, వారి స్వీయ మూల్యాంకన పత్రం మన నేల మీద పుట్టింది కాదు. ఇంగ్లండ్‌లో బడులను తనిఖీ చేయడానికి 1992లో ఏర్పడిన ఆఫ్‌స్టెడ్ అనే సంస్థ తనిఖీలను దృష్టిలో పెట్టుకుని తయారైన ప్రశ్నలు అందులో సగానికి పైగా ఉన్నాయి. మన బడికి వచ్చేది ఎంఈవో (మండల విద్యాధికారి) గారు, నింపవలసింది యూడైస్ (దేశంలోని బడుల సమాచార వ్యవస్థ) వివరాలు. వీటి గురించి అందులో ఒక్క ప్రశ్న కూడా లేదు. పైగా అంతా ఇంగ్లీషులో ఉండటంతో, ఉర్దూ, అరబ్బీ మాత్రమే చదివిన ఉస్తాద్ గారికి ప్రతి పేజీ చదివి వినిపించవలసి వచ్చేది.

అంతకన్నా నన్ను బాధించింది తెలుగు పట్ల వారి నిర్లక్ష్యం. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, బడిలో తెలుగు చదువుతారు. మూడో తరగతికి వచ్చినా వత్తులున్న మాట దగ్గర ఆగిపోయే పిల్లలకు సైన్స్ పాఠం అర్థం కాదు, లెక్క చేయడం వచ్చినా ప్రశ్న అర్థం కాదు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా వారి పఠన పరీక్షలు ఇంగ్లీషు దాటి రాలేదు. చివరకు మా తెలుగు టీచరే గుణింతాలు, ద్విత్వాలు, సంయుక్తాక్షరాలు వరుసగా పెట్టి ఒక పఠన పత్రం తయారు చేసుకున్నారు. ప్రతి పిల్లవాడినీ విడిగా కూర్చోబెట్టి చదివించి, ఆగిన చోట గీత గీస్తారు. తర్బియత్ (నడవడిక శిక్షణ) గురించి ఎంతో లోతుగా మాట్లాడగలిగిన సంస్థ, పిల్లవాడు రోజంతా చదవవలసిన భాషను పక్కన పెట్టడం చిన్న లోపం కాదు.

ప్రధానోపాధ్యాయులు తరచూ మారే బడి, లేదా పదో తరగతి ఫలితాలు ఏడాదిలోపే పెరగాలని కోరే కమిటీ ఈ సేవ జోలికి వెళ్లకపోవడమే మంచిది. సంతకం చేసే ముందు తరగతి గదిలో ఎన్ని గంటలు కూర్చుంటారో, ఆన్‌లైన్ సమావేశాలు ఎన్నో, రవాణా ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా అడగండి. మేము వచ్చే ఏడాదికి ఒప్పందాన్ని ప్రధానోపాధ్యాయురాలి మార్గదర్శనానికి, ఖురాన్ విభాగానికి కుదించాం. మిగిలిన సొమ్ముతో సాయంత్రాలు తెలుగు చదివించడానికి ఒక విశ్రాంత తెలుగు పండితుడిని నియమిస్తున్నాం.