చర్మ కణాన్ని మూలకణంగా మార్చడానికి ఏ దారి మేలు?

మా పెద్దమ్మకు రెటీనా మధ్యలో జబ్బు. బంజారాహిల్స్‌లో కంటి డాక్టరు కోసం కూర్చున్నప్పుడు అడిగింది: "నా తోలుతోనే కంటికి కణాలు చేస్తరంట గద బిడ్డా, అవి గడ్డలు కావా మల్ల?" అడగాల్సిన ప్రశ్నే అది.

2006లో జపాన్‌లోని క్యోటోలో శాస్త్రవేత్త యమనకా బృందం ఎలుక చర్మ కణాల్లోకి నాలుగు జన్యువులు పంపి వాటిని మూలకణాలుగా, అంటే ఒంట్లోని ఏ రకం కణంగానైనా మారగలిగేవిగా, మార్చింది. ఏడాది తిరిగేసరికి మనిషి కణాలతోనూ సాధ్యమైంది. ఆ జన్యువులను మోసుకెళ్లింది రెట్రోవైరస్. అది మన డీఎన్‌ఏలో ఎక్కడపడితే అక్కడ దూరి శాశ్వతంగా ఉండిపోతుంది. పైగా నాలుగింటిలో సీ-మిక్ అనేది క్యాన్సర్‌తో సంబంధమున్న జన్యువు. అలాంటి కణాలతో పుట్టిన ఎలుకల్లో దాదాపు ఐదో వంతుకు గడ్డలు వచ్చాయి. చికిత్సకు ఈ దారి వద్దే వద్దు.

మిగిలిన దారుల్లో సెండై వైరస్ బాగా పనిచేస్తుంది, రక్త కణాలతో కూడా. ఇది ఆర్‌ఎన్‌ఏ వైరస్, కేంద్రకంలోకి వెళ్లదు కాబట్టి డీఎన్‌ఏలో కలవదు. కణాలు విభజన చెందేకొద్దీ పలచబడి పోతుంది. కానీ పూర్తిగా పోయిందా లేదా అని చాలా తరాల పాటు కణాలను పెంచి పరీక్షించాలి. ల్యాబ్‌లో జబ్బులను అర్థం చేసుకోవడానికైతే నేను దీన్నే ఎంచుకుంటాను.

ఎంఆర్‌ఎన్‌ఏ అంటే జన్యువు ఇచ్చే ఆదేశాల తాత్కాలిక నకలు. కాగితం మీద ఇది అన్నిటికన్నా శుభ్రం. రెండు మూడు రోజుల్లో కరిగిపోతుంది, ఏ మచ్చా మిగలదు. కానీ అంత త్వరగా కరిగిపోతుంది కాబట్టే దాదాపు రెండు వారాలు రోజూ వేస్తూ ఉండాలి. కణాలేమో దాన్ని వైరస్ దాడి అనుకుని ఎదురు తిరుగుతాయి. చర్మ కణాలతో కుదురుతుంది, రక్త కణాలతో కష్టం.

మనిషి ఒంట్లో పెట్టాల్సిన కణాలకు నా ఓటు ఎపిసోమల్ ప్లాస్మిడ్‌కే. ఇది విడిగా తిరిగే డీఎన్‌ఏ ఉంగరం. మారే కణాలు తక్కువ, ఆ మాట నిజం. అయితే కణాలు పెరిగేకొద్దీ రాలిపోతుంది, మిగిలిందేమో పీసీఆర్ అనే డీఎన్‌ఏ పరీక్షతో తేల్చుకోవచ్చు. కాస్త రక్తం తీసినా సరిపోతుంది. 2014లో జపాన్‌లోని కోబెలో పెద్దమ్మ జబ్బే ఉన్న ఒక 70 ఏళ్ల పైబడిన మహిళ కంట్లో పెట్టిన రెటీనా కణాల పొర ఇలా చేసిన మూలకణాలతోనే తయారైంది. ఆమెకు గడ్డ రాలేదు. కానీ రెండో రోగి కణాల్లో జన్యు మార్పులు కనబడటంతో ఆ మార్పిడి ఆపేశారు. నాకు ధైర్యమిచ్చేది ఆ ఆపడమే. జన్యువులను మోసుకెళ్లే దారి ఎంత శుభ్రమైనదైనా, కణాలను పెంచేటప్పుడు తప్పులు దొర్లవచ్చు. ఒక్కో బ్యాచ్‌నూ పరీక్షించి, అనుమానం వస్తే పారేసే ఓపిక ఉండాలి.

రసాయనాలతోనే మార్చే పద్ధతి కూడా వచ్చింది. 2023లో చైనాలో టైప్ 1 మధుమేహం ఉన్న ఒక యువతికి ఇలా చేసిన మూలకణాల నుంచి తయారైన, ఇన్సులిన్ ఇచ్చే కణాలు పెడితే బయటి నుంచి ఇన్సులిన్ తీసుకునే అవసరం లేకుండా పోయింది. ఒక్కరి అనుభవమే కాబట్టి ఇంకా చూడాలి.

మన ఊళ్లో స్టెమ్ సెల్ థెరపీ అని బోర్డు కనిపిస్తే మాత్రం, నమోదైన క్లినికల్ ట్రయలా అని ముందే అడగండి. ట్రయల్‌లో మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఇవన్నీ పెద్దమ్మకు చెప్పాను. ప్రస్తుతం ఆమె చూపును నిలబెడుతున్నది కంట్లో వేసే ఇంజెక్షన్. వచ్చే డోస్ తేదీ తప్పొద్దని ఆమె ఫోన్‌లో అలారం పెట్టి వచ్చాను.